జన్యువును చర్మానికి పూయగలమా?

అరికాళ్ల నిండా బండబారిన ఆనెలు. అడుగు తీసి అడుగు వేయాలంటే నరకం. పాకియోనికియా కంజెనిటా అనే అరుదైన జబ్బుతో పుట్టినవాళ్ల బతుకు ఇలా ఉంటుంది. చర్మానికీ గోళ్లకూ గట్టిదనం ఇచ్చే కెరాటిన్ అనే ప్రోటీన్ తాలూకు జన్యువులో తప్పు దొర్లడం దీనికి మూలం. కొందరిలో ఆ తప్పు ఒకే ఒక్క అక్షరం. ఆ ఒక్క అక్షరం తేడాను గుర్తుపట్టి, ఆ జన్యువు పంపే తప్పుడు సందేశాన్ని మాత్రమే తుంచేసి, మంచిదాన్ని వదిలేసే చిన్న ఆర్‌ఎన్‌ఏ ముక్కను శాస్త్రవేత్తలు తయారుచేశారు. దాన్ని ఒకే ఒక్క రోగి మీద పరీక్షించారు. ఒక పాదంలోకి మందు, రెండో పాదంలోకి మందు లేని ద్రవం, 17 వారాల పాటు సూదులు. మందు ఎక్కించిన చోట ఆనె వెనక్కి తగ్గిందని 2010లో వెలువడిన నివేదిక చెప్పింది.

వినడానికి ఇది విజయమే. కానీ అరికాలు అసలే నొప్పుల పుట్ట. అందులోకి సూది దించి ద్రవం ఎక్కించడం ఎంత దుర్భరంగా ఉండిందంటే, నొప్పి మాత్రలు చాలక నరాలకు మత్తు ఇచ్చి మరీ ఆ పని చేయాల్సి వచ్చింది. జీవితాంతం, రెండు పాదాలకూ ఇలా చేయించుకోమని ఎవరికి చెప్పగలం? మందు ఉంది, పనిచేస్తోంది, చేర్చే దారే లేదు.

చర్మానికి పూసే జన్యు చికిత్స అంటూ వచ్చే వార్తల్లో మన కళ్లు ‘జన్యువు’ అనే మాట మీద పడతాయి. అసలు కష్టం మాత్రం ‘పూసే’ అన్న మాటలో ఉంది. ఆ కష్టాన్ని దాటించడానికి ఇప్పుడు ఎక్కువగా ముందుకొస్తున్న వాహనం నానో రేణువు.

ముందుగా ఒక చిన్న సర్దుబాటు. తెలుగులో సెల్‌నీ కణమే అంటాం, పార్టికల్‌నీ కణమే అంటాం. ఈ వ్యాసంలో అలా రాస్తే కణంలోకి కణం దూరి, పాఠకుడు బయటికి రాలేడు. కాబట్టి ప్రాణమున్న సెల్‌ని కణం అనీ, మందు మోసే నానో పార్టికల్‌ని రేణువు అనీ అనుకుందాం.

ఇక జన్యు చికిత్స. ఈ ఒక్క పేరు కింద మూడు వేర్వేరు పనులున్నాయి. అవసరానికి మించి అరుస్తున్న జన్యువు నోరు నొక్కడం ఒకటి. దీనికి పైన చెప్పినలాంటి చిన్న ఆర్‌ఎన్‌ఏ ముక్క చాలు. ఆండ్రూ ఫైర్, క్రెయిగ్ మెల్లో 1998లో బయటపెట్టి, 2006లో నోబెల్ అందుకున్న ఆర్‌ఎన్‌ఏ ఇంటర్‌ఫియరెన్స్ కిటుకు ఇదే. రెండోది, చెడిపోయిన జన్యువుకు బదులు మంచి ప్రతిని ఇవ్వడం. మూడోది క్రిస్పర్ లాంటి పనిముట్లతో, ఉన్న జన్యువునే దిద్దడం. మొదటి పనికి కావలసిన సరుకు చేతిసంచిలో పడుతుంది. రెండో మూడో పనులకు లారీ కావాలి. దారి సంగతి మాట్లాడేటప్పుడు ఈ తేడా అడుగడుగునా అడ్డొస్తుంది.

చర్మం గోడ కట్టిన తీరు చూస్తే, లోపలికి ఏమీ రాకూడదనే కసి కనిపిస్తుంది. అన్నిటికన్నా పైన ఉండే మృతకణాల పొర చాలాచోట్ల 10 నుంచి 20 మైక్రోమీటర్ల మందమే. మామూలు కాగితంలో నాలుగో వంతు కూడా ఉండదు. కానీ అందులో పదిహేను ఇరవై వరసల చచ్చిన కణాలు ఇటుకల్లా పేర్చి ఉంటాయి. వాటి మధ్య సున్నం స్థానంలో సెరమైడ్లు, కొలెస్ట్రాల్, కొవ్వు ఆమ్లాలు కలిసిన జిడ్డు పదార్థం. లోపలికి పోవాలంటే ఆ జిడ్డు సందుల్లో వంకర్లు తిరుగుతూ పోవాలి. నీటిలో కరిగే సరుకుకు అక్కడ చోటు లేదు.

దీనికి ఒక అనుభవ సూత్రం ఉంది. 500 డాల్టన్లు దాటిన అణువు చెక్కుచెదరని చర్మం గుండా పోలేదని 2000లో యాన్ బోస్, మార్కస్ మైనార్డి అనే ఇద్దరు పరిశోధకులు ప్రతిపాదించారు. డాల్టన్ అంటే అణువుల బరువు తూచే కొలమానం. పట్టీ రూపంలో చర్మానికి అంటించే నికోటిన్ 162 డాల్టన్లు. టెస్టోస్టెరాన్ 288. ఇవి కొవ్వులో కరుగుతాయి కూడా, అందుకే దూరిపోతాయి. జన్యువు నోరు నొక్కే చిన్న ఆర్‌ఎన్‌ఏ ముక్క దాదాపు 13,000 డాల్టన్లు. ఈ రంగంలో అన్నిటికన్నా తేలికైన సరుకుల్లో ఇదొకటి! పూర్తి జన్యువును మోసే డీఎన్‌ఏ వలయం బరువు లక్షలు దాటి మిలియన్లలో ఉంటుంది. పైగా డీఎన్‌ఏ, ఆర్‌ఎన్‌ఏలకు ఒళ్లంతా రుణావేశం. నీళ్లంటే ఇష్టం, కొవ్వంటే గిట్టదు. చర్మం మీద ఉండే ఎంజైములు కనబడిన ఆర్‌ఎన్‌ఏని కనబడినట్టే ముక్కలు చేస్తాయి. అంటే వట్టి ఆర్‌ఎన్‌ఏని క్రీములో కలిపి రాస్తే చర్మం మీద ఆర్‌ఎన్‌ఏ ముక్కలు మిగులుతాయి, అంతే.

ఇక్కడ చాలామంది ఒక పొరపాటు చేస్తారు. నానో అంటే చిన్నది, చిన్నది కాబట్టి దూరిపోతుంది అనుకుంటారు. నిజం దీనికి తలకిందులు. చిన్న ఆర్‌ఎన్‌ఏ ముక్క పొడవు ఏడెనిమిది నానోమీటర్లు. దాన్ని చుట్టి తీసుకెళ్లే కొవ్వు రేణువు 80, 100 నానోమీటర్లు ఉంటుంది. రేణువులో పెట్టడమంటే సరుకును పెద్దది చేయడం! సన్‌స్క్రీన్‌లలో వాడే జింక్ ఆక్సైడ్, టైటానియం డయాక్సైడ్ నానో రేణువుల మీద ఏళ్ల తరబడి పరీక్షలు జరిగాయి. ఆరోగ్యంగా ఉన్న చర్మం మీద అవి మృతకణాల పొర దాటి సజీవ కణాల దాకా దాదాపుగా పోవని తేలింది. సన్‌స్క్రీన్ రాసుకునేవాళ్లకు ఊరట కలిగించే ఈ సంగతే జన్యు చికిత్స చేసేవాళ్లకు తలనొప్పి.

మరి రేణువు ఎందుకు? ఎంజైములకు చిక్కకుండా సరుకును దాచడానికి, దాని రుణావేశాన్ని కప్పిపెట్టడానికి, అన్నిటికీ మించి సజీవ కణం దగ్గరికి చేరాక ఆ కణం దాన్ని లోపలికి లాక్కునేలా చేయడానికి. ఇందులో గోడ దాటడం అన్నది లేదు, గమనించండి. గోడ దాటడం, కణంలోకి పోవడం రెండు వేర్వేరు పనులు. వార్తల్లో ఈ రెండూ కలిసిపోతాయి, అక్కడే మన లెక్క తప్పుతుంది.

ఒక రేణువు మాత్రం రెండు పనులూ చేస్తానని ముందుకొచ్చింది. అమెరికాలో నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీ శాస్త్రవేత్త చాడ్ మిర్కిన్ 1996లో బంగారు నానో రేణువుకు డీఎన్‌ఏ పోగులను అతికించే పద్ధతి కనిపెట్టారు. కదంబ పువ్వును తలచుకోండి. నడుమ గుండ్రటి గింజ, దాని నుంచి అన్ని దిక్కులకూ ఒత్తుగా పొడుచుకొచ్చిన కేసరాలు. గింజ స్థానంలో బంగారం, కేసరాల స్థానంలో డీఎన్‌ఏ లేదా ఆర్‌ఎన్‌ఏ. పోగు ఒంటరిగా ఉంటే కణం దాన్ని తోసేస్తుంది. అవే పోగులు బంతిలా గుత్తిగా ఉంటే, కణం మీద ఉండే కొన్ని గ్రాహకాలు వాటిని పట్టుకుని లోపలికి లాక్కుంటాయి. కొత్త రసాయనమేదీ కలపలేదు, ఆకారం మారింది, ప్రవర్తన మారింది. నాకు ఈ మొత్తం కథలో అన్నిటికన్నా నచ్చే సంగతి ఇదే.

2012లో మిర్కిన్, చర్మవ్యాధుల నిపుణురాలు ఎమీ పాలర్ బృందాలు కలిసి ఈ రేణువులను పెట్రోలియం జెల్లీ తరహా మామూలు లేపనంలో కలిపి ఎలుకల చర్మానికి రాశాయి. ఈజీఎఫ్‌ఆర్ అనే జన్యువు వాళ్ల గురి. కణాలు పెరగమని ఆదేశించే దారిలో అది ముఖ్యమైన మీట. మూడు వారాల తర్వాత చూస్తే ఆ జన్యువు సందేశాలు 65 శాతం తగ్గాయి, చర్మం పైభాగం దాదాపు 40 శాతం పలచబడింది. సూది లేదు, లేజర్ లేదు, లేపనం రాయడం తప్ప ఇంకేమీ లేదు. ల్యాబ్‌లో పెంచిన మనిషి చర్మంలోనూ పనిచేసింది.

మరి పుష్కరం దాటినా ఆ లేపనం మందుల షాపులోకి ఎందుకు రాలేదు? మనుషుల మీద ఈ తరహా రేణువులతో తొలిదశ పరీక్షలు జరిగాయి, మందు మాత్రం పుట్టలేదు. ఎలుక చర్మం మనదానికన్నా పలచన, దాని మీద వెంట్రుక కుదుళ్లు ఒత్తు. మన చర్మం అడ్డుకునేది దానిలో తేలిగ్గా దూరిపోతుంది. ల్యాబ్‌లో పెంచిన చర్మం పేరుకు మనిషిదే అయినా దాని పైపొర అసలు చర్మమంత బిగువుగా ఉండదు. మనకు దగ్గరగా ఉండేది పంది చర్మం. ఇలాంటి వార్త చదివేటప్పుడు నేను ముందు వెతికేది ఏ జన్యువు అని కాదు, ఎవరి చర్మం అని.

గోడ దాటలేకపోతే గోడకున్న కంతలు వెతకాలి. వెంట్రుక కుదుళ్లు అలాంటివే. వాటి నోళ్లన్నీ కలిపినా చర్మం పైభాగంలో 0.1 శాతం విస్తీర్ణం మాత్రమే, కానీ గొట్టాల్లా లోతుకు దిగుతాయి. బెర్లిన్‌లోని షారిటే ఆసుపత్రిలో యుర్గెన్ లాడెమన్ బృందం 2007లో ఒక తమాషా సంగతి చూపించింది. 320 నానోమీటర్ల రేణువులను రాసి మర్దనా చేస్తే, రేణువులు కాని రూపంలో ఉన్న అదే రంగుకన్నా అవి కుదుళ్లలోకి లోతుగా దిగాయి, పది రోజుల దాకా అక్కడే నిలిచాయి. వెంట్రుక మీద పొలుసులుంటాయి కదా, చర్మం కదిలినప్పుడల్లా అవి పళ్లచక్రంలా తిరుగుతూ రేణువులను కిందికి నెడుతున్నాయని వాళ్ల వివరణ. అంటే ఇక్కడ మరీ చిన్న రేణువుకన్నా పొలుసుకు సరిపడా సైజున్న రేణువే మేలు. కుదురులో కొత్త కణాలను పుట్టించే మూలకణాలు కూడా ఉంటాయి, కాబట్టి ఈ దారి మీద ఆశ ఎక్కువే. ఇబ్బంది ఏమిటంటే, కుదురులోకి దిగినంత మాత్రాన చర్మంలోకి చేరినట్టు కాదు. కుదురు గోడ ఇంకా అడ్డంగానే ఉంటుంది.

మరో దారి, మనమే కంతలు చేయడం. మిల్లీమీటరు కూడా లేని సూక్ష్మసూదుల పట్టీని అతికిస్తే అవి మృతకణాల పొరను చీల్చి ఆగిపోతాయి. నొప్పి దాదాపు తెలియదు. అమెరికాలోని జార్జియా టెక్ విద్యాసంస్థలో మార్క్ ప్రౌస్నిట్జ్ బృందం 1998లో ఈ దారి తెరిచింది. సూదులనే చక్కెర లాంటి పదార్థంతో చేసి రేణువులను అందులో కలిపితే, గుచ్చాక సూదులే కరిగిపోతాయి. లేజర్‌తో కంటికి కనబడని గుంటల వరుసలు చేసి, వాటిలో రేణువుల ద్రవం వేయడం ఇంకో పద్ధతి. సూది లేకుండా ద్రవాన్ని వేగంగా చర్మంలోకి చిమ్మే పరికరాలూ ఉన్నాయి. 2021 ఆగస్టులో భారత్‌లో అనుమతి పొందిన జైకోవ్-డి, ప్రపంచంలో మనుషులకు అనుమతి వచ్చిన తొలి డీఎన్‌ఏ టీకా, అలా ఇచ్చేదే. అందులో డీఎన్‌ఏని ఏ రేణువులోనూ చుట్టలేదు. టీకాకు చర్మం అనువైన చోటు. చర్మం నిండా రోగనిరోధక కాపలాదారులు ఉంటాయి, వాటిని రెచ్చగొట్టడమే టీకా పని. జన్యు చికిత్సకు అదే కాపలా శత్రువు: బయటి నుంచి వచ్చిన ఆర్‌ఎన్‌ఏ కనబడగానే వైరస్ వచ్చిందనుకుని వాపు మొదలెడతాయి. అందుకే రేణువు సరుకును ఆ కాపలా కంట పడకుండా కూడా దాచాలి.

సరే, గోడ దాటాం, కణం రేణువును మింగింది. పని అయిపోయిందా? లేదు. మింగిన దాన్ని కణం నేరుగా లోపల వదలదు, ఎండోజోమ్ అనే చిన్న సంచిలో బంధిస్తుంది. ఆ సంచి క్రమంగా పుల్లబడి, చివరికి లోపలున్నదాన్ని అరగదీసే చోటికి చేరుతుంది. ఈలోగా సరుకు తప్పించుకోవాలి. కోవిడ్ ఎంఆర్‌ఎన్‌ఏ టీకాల్లోనూ, అంతకుముందు 2018లో అనుమతి పొందిన, జన్యువు నోరు నొక్కే పటిసిరాన్ మందులోనూ వాడిన కొవ్వు రేణువుల తెలివి ఇక్కడే ఉంది. వాటిలోని ఒక రకం కొవ్వు మామూలుగా ఏ ఆవేశమూ లేకుండా ఉంటుంది, పులుపు తగలగానే ధనావేశం తెచ్చుకుని సంచి గోడను చెదరగొడుతుంది. ఇంత తెలివి చూపినా, సంచి నుంచి బయటపడే చిన్న ఆర్‌ఎన్‌ఏ ఒకటి రెండు శాతమేనని 2013లో ఒక పరిశోధన లెక్కగట్టింది. మిగతాదంతా వృథా. ఈ మందులు అంత తక్కువతోనే పనిచేస్తున్నాయంటే అందుకు కారణం, నోరు నొక్కే ఆర్‌ఎన్‌ఏ ఒక్కటి దొరికినా పదేపదే వాడుకునే గుణం కణానికి ఉండటం. మంచి జన్యువును డీఎన్‌ఏ రూపంలో ఇవ్వాలంటే అది ఇంకా కేంద్రకం దాకా పోవాలి. లారీ కష్టాలు లారీవి.

ఆ తర్వాత కాలం సంగతి. చర్మం పైపొర దాదాపు నాలుగు వారాలకోసారి పూర్తిగా మారిపోతుంది. అడుగున పుట్టిన కణం పైకి జరుగుతూ, చచ్చి, పొట్టులా రాలిపోతుంది. పై కణాల్లో జన్యువును ఎంత చక్కగా దిద్దినా నెల తిరిగేసరికి అది స్నానపు నీళ్లలో పోతుంది. శాశ్వతంగా ఉండాలంటే అడుగునున్న మూలకణాలను దిద్దాలి. సోరియాసిస్ లాంటి జబ్బులో ఈ రాలిపోవడం నిజానికి మంచిదే. మందు పడకపోతే ఆపేయవచ్చు, నెలలో ఆనవాలు ఉండదు. 1999లో అమెరికాలో కాలేయానికి జన్యు చికిత్స తీసుకున్న 18 ఏళ్ల యువకుడు, మోసుకెళ్లిన వైరస్‌కు శరీరం తీవ్రంగా ఎదురుతిరగడంతో చనిపోయాడు. ఒకసారి రక్తంలో ఎక్కించాక వెనక్కి తీయలేం. చర్మం మీద తేడా వస్తే కనబడుతుంది, కడగవచ్చు, అవసరమైతే ఆ మేర కోసి తీసేయవచ్చు.

ఇంత చెప్పాక ఒక సంగతి ఆశ్చర్యం కలిగించవచ్చు: చర్మానికి పూసే జన్యు చికిత్స ఇప్పటికే ఉంది. 2023 మే నెలలో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ వైజువెక్ అనే జెల్‌కు అనుమతి ఇచ్చింది. డిస్ట్రోఫిక్ ఎపిడెర్మొలైసిస్ బులోజా అనే జబ్బుకు అది మందు. చర్మం పై, కింది పొరలను కలిపి కుట్టినట్టు పట్టి ఉంచే ఏడో రకం కొల్లాజెన్ వీళ్లలో తయారు కాదు, అయినా సరిగా ఉండదు. కాస్త రాపిడికే చర్మం బొబ్బలెక్కి ఊడిపోతుంది. 31 మంది మీద జరిగిన పరీక్షలో, ఆరు నెలలకు మందు వేసిన పుండ్లలో 67 శాతం పూర్తిగా మూసుకున్నాయి, ఉత్త జెల్ వేసినవాటిలో 22 శాతం.

ఇందులో నానో రేణువు లేదు. మోసేది పెదాల మీద పొక్కులు తెచ్చే హెర్పిస్ వైరస్సే, పిల్లలు పెట్టకుండా కోరలు పీకింది. కొల్లాజెన్ తయారీకి కావలసిన జన్యు సందేశం దాదాపు 9,000 అక్షరాల పొడవు; జన్యు చికిత్సలో ఎక్కువగా వాడే ఏఏవీ వైరస్‌లో అందులో సగమే పడుతుంది. హెర్పిస్ డొక్క పెద్దది. మరి మృతకణాల పొరను ఎలా దాటింది? దాటలేదు. పుండు మీద ఆ పొరే లేదు. తలుపు ఊడిపోయిన ఇంట్లోకి నడిచి వెళ్లినట్టు వెళ్లింది. జెల్‌ను పుండు మీద సెంటీమీటరు ఎడంలో చుక్కలు చుక్కలుగా, ముగ్గు పెట్టినట్టు వేసి కట్టు కడతారు. వైరస్ తెచ్చిన జన్యువు మన జన్యువుల్లో కలవదు కాబట్టి వారం వారం వేయాలి. విడుదలైనప్పుడు ఒక్క సీసా ధర 24,250 డాలర్లు.

ఈ కుటుంబంలోని జబ్బుకే శాశ్వతమైన దారి కూడా ఒకటి చూపించారు. 2015లో జర్మనీలో ఒంటి మీద చర్మం చాలావరకు పోయిన ఏడేళ్ల పిల్లాడికి, ఇటలీకి చెందిన మికేలే డి లూకా బృందం అతని కణాలనే ల్యాబ్‌లో దిద్ది, పొరలుగా పెంచి, ఒంట్లో 80 శాతం మేర కొత్త చర్మం అతికించింది. అక్కడ మూలకణాలనే దిద్దారు, కాబట్టి అది నిలిచింది. కానీ అది పూత కాదు, పెద్ద ఆపరేషన్.

నానో రేణువు ఆశ ఈ రెండింటి మధ్య ఖాళీలో ఉంది. పదేపదే వాడినా, వైరస్ మీద పెంచుకున్నట్టు శరీరం ప్రతిరక్షకాలు పెంచుకునే భయం తక్కువ, ఫ్యాక్టరీలో తయారీ తేలిక, సరుకు మార్చుకోవడం సులువు. బంగారం లాంటి కరగని గింజలు ఒంట్లో పేరుకోవచ్చన్న అనుమానంతో చాలామంది కొవ్వు రేణువుల వైపు జరుగుతున్నారు. కానీ ఏ రేణువైనా మొదట జవాబు చెప్పాల్సిన ప్రశ్న చర్మం గురించే. బులోజాలో తలుపు లేదు. సోరియాసిస్‌లో చర్మం మందంగా కనబడినా పైపొర కట్టు వదులు, కొంత లోపలికి పోతుంది. చేప పొలుసుల్లా చర్మం ఎండి రాలే ఇక్తియోసిస్ జబ్బుల్లోనూ అంతే. పొలుసులు గుట్టగా ఉన్నా గోడ కారుతూనే ఉంటుంది. మచ్చలేని మామూలు చర్మం కింద జబ్బు దాగి ఉంటే సూక్ష్మసూదులో లేజరో తప్పవు.

ఇక మొదట చెప్పిన ఆ అరికాలు. ఒంటి మీద మృతకణాల పొర అన్నిటికన్నా మందంగా ఉండే చోటు అదే. మామూలుగానే మిగతా చర్మం కన్నా ఎన్నో రెట్లు, దాని మీద మళ్లీ ఈ జబ్బు పేర్చిన ఆనె. అరికాల్లో వెంట్రుకలు ఉండవు కాబట్టి కుదుళ్ల దారి కూడా మూసుకుపోయినట్టే. సూదుల బాధ తప్పించి పూతమందు ఎవరికి ముందుగా అందాలో, అన్నిటికన్నా గట్టి గోడ వాళ్ల కాళ్ల కిందే ఉంది.